బైలసాన్ పాదు

రేడియో ఇంకా ఆగలేదు. దివానియాలో, ఈ ఇంటి మగవాళ్ళు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కాఫీలు పోసే ఆ పెద్ద గదిలో, చెప్పులు విడిస్తే తప్ప ఇంటి యజమానురాలు మామా నన్ను అడుగు పెట్టనివ్వని ఎర్ర తివాచీ మీద, బూట్లతోనే పడుకున్నారు ఇద్దరు ఇరాకీ సిపాయిలు. పెద్దవాడు దావూద్ అప్పుడే గురక మొదలుపెట్టాడు. పొట్టివాడు మాత్రం రేడియో చెవి దగ్గర పెట్టుకుని పాటలు వింటున్నాడు. ఊరు ఊరంతా దోచుకుని వచ్చి పాటలట పాటలు! వాడు కూడా కన్ను మూస్తే గాని నేను వంటింటి వెనక తలుపు గడియ తీయలేను. అందుకే గచ్చు మీద చెంగు పరుచుకుని, నిద్రపోతున్నదానిలా కళ్ళు మూసుకుని, చెవులు మాత్రం దివానియాలో పెట్టుకుని పడి ఉన్నాను. చిన్న పార స్టవ్వు వెనక దాచాను. సాయంత్రం అసర్ నమాజుకు పిలుపు వినపడేలోగా తూర్పు గోడ పక్కన బైలసాన్ చెట్టు పాదు తవ్వి నా పాస్‌పోర్టు బయటికి తీసుకోవాలి. పిలుపు వినపడగానే వీధి మలుపులో పక్కింటి హమీదా బీ ఎక్కే పికప్ వచ్చి ఆగుతుంది, మనవాళ్ళుండే పేట అబ్బాసియా నుంచి దేశం దాటే బస్సులు బయలుదేరుతున్నాయి. అదే పిలుపుకు వీళ్ళిద్దరూ లేచి అదే పాదులో కందకం తవ్వుతారు. ఒక్క గంట ఉంది నాకు, ఆ గంటలో సగం వీడు పాటలకు తినేస్తున్నాడు.

పడుకోరా నాయనా, పడుకో. మధ్యాహ్నం నేను వండిన అన్నం అంత తిన్నావు కదా, నిద్ర రాదా? నా చేతి వంట తిని మామా ఇంట్లో ఎవరైనా అరగంట మేలుకుని ఉన్నారా? ఇంటాయన బాబా అయితే చెయ్యి కడుక్కోకుండానే కునికేవాడు. ఏం బాబా, ఏం మామా. ఇప్పుడు ఎక్కడున్నారో, ఏ చల్లని గదిలో కూర్చుని టీవీలో మమ్మల్ని చూస్తున్నారో. నాలుగేళ్ళు, ఈ జనవరికి నాలుగేళ్ళు నిండేవి, పొద్దున్నే అయిదింటికి లేచి ఈ ఇంటి పదకొండు గదులూ ఊడ్చి, ఈ ఇంటి ఆడపిల్లల జుట్టు దువ్వి, అబాయాలు ఇస్త్రీ చేసి, చివరికి ఆ చెట్లకు కూడా నన్నే ఆయాను చేశారు. తోటమాలి ఉండేవాడు, బంగ్లాదేశ్ వాడు, వాడు రెండో నెలలోనే దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఈ చెట్లు ఎండకు బతకవు, చచ్చిపోతే నా తల తీస్తారు అన్నాడు. తెలివైనవాడు. నాకే లేకపోయింది ఆ తెలివి.

బైలసాన్ అన్నది మామా మాట. ఇంగ్లీషువాళ్ళు ఎల్డర్‌బెర్రీ అంటారట. లండన్‌లో ఎవరి ఇంటి ముందో చూసి, మనసు పారేసుకుని, విమానంలో అయిదు మొక్కలు తెచ్చింది. మూడింటికి నల్లని ఆకు, రెండింటికి అంచు పసుపు. పక్కపక్కనే రెండు రకాలుంటేనే కాయ బాగా పడుతుందట. వాటి వేర్లకు తడి గుడ్డలు, గుడ్డల మీద కవర్లు, కవర్ల మీద సీలు వేసిన కాగితం, వీటికి ఏ తెగులూ లేదు, దేశంలోకి రానివ్వొచ్చు అని. నాకూ ఇచ్చారు అలాంటి కాగితం బొంబాయిలో, రక్తం తీసి, రొమ్ము ఫోటో తీసి. మా రెండు కాగితాలకూ తేడా ఏమిటంటే, చెట్ల కాగితం మామా అద్దం బీరువాలో అందరికీ కనపడేలా పెట్టుకుంది. నా పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టులో నా చేతిలోంచి తీసుకున్నాక మళ్ళీ నా కంటికి చూపించలేదు. ఇంటి తూర్పు గోడ నీడలో వాటికి చోటు, పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నపు ఎండ పడకూడదు. ఒక్క రోజులో మనుషులొచ్చి పైన పచ్చవల కట్టిపోయారు. కబ్ద్‌లో వాళ్ళకున్న తోట నుంచి రెండు లారీల మన్ను, గొర్రెల ఎరువు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నా గది కిటికీకి ఒక్క పరదా కట్టించమని నాలుగేళ్ళు అడిగాను, బుక్రా, బుక్రా అన్నారు. ఆ రేపు రానేలేదు.

మామా కుర్చీ వేసుకుని కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేస్తూ వేలితో చూపించేది, నేను చేసేదాన్ని. కాళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలి ఈ చెట్టుకు, తల మీద ఎండ తక్కువుండాలి. పాదులో తడి ఆరకుండా ఖర్జూరపు మట్టలు ముక్కలు కొట్టి కప్పాలి. జనవరి చలిలో మూడేళ్ళ ముదురు కొమ్మలను నేల దాకా కోసెయ్యాలి, లేతవి ఉంచాలి. మొదటిసారి కోస్తుంటే నా చెయ్యే ఆడలేదు, ఇంత డబ్బు పోసి తెచ్చినదాన్ని నేల మట్టానికి కోయమంటుందేమిటి ఈమె అని. కోస్తే మార్చి నాటికి మొదట్లోంచి దుబ్బుగా లేచింది. ఏప్రిల్‌లో పూసింది, చాటంత వెడల్పున గులాబీ రంగు పూలు. అప్పుడు నిజం చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది, నేను కూడా ఆ చెట్ల ముందు నిలబడిపోయాను. మామా స్నేహితురాళ్ళు వచ్చి మాషా అల్లా, మాషా అల్లా అంటుంటే మామా టీ కప్పు పట్టుకుని, నేను పెంచాను అంది. నేను పెంచాను! టీ ట్రే పట్టుకుని ఆమె వెనకే నిలబడి ఉన్నాను నేను, గోళ్ళలో మన్ను ఇంకా పోలేదు.

పాట మారింది. ఇది విషాదం పాటలా ఉంది, దీనికైనా నిద్ర వస్తుందేమో వాడికి. దావూద్ గురక మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంది. నా గుండె కూడా ఆగి అందుకుంది. గోడ మీద గడియారం వైపు ఒక కన్ను తెరిచి చూశాను, ముల్లు కదులుతూనే ఉంది, దానికేం. చెట్లు పూసిన ఆ ఏడే కాయలూ కాశాయి. గుత్తులు గుత్తులుగా నల్లగా, నిగనిగలాడుతూ, అచ్చం మా చేలగట్ల మీది కామంచి పండ్లే. మా చిన్నమండెం పిల్లలు ఎవరైనా వాటిని చూసి ఆగుతారా? కామంచి పండు చూస్తే మా చెయ్యి మమ్మల్ని అడగదు. ఒక గుత్తి అంతా దూసి నోట్లో వేసుకున్నాను. రుచి వేరేగా ఉందని నాలుక చెబుతూనే ఉంది, మా ఊరి పండు పేరు మనసులో ఉంటే నాలుక మాట ఎవరు వింటారు? సాయంత్రం దాకా వాంతులు. పేగులు నోట్లోకొచ్చాయి. ఉడకపెట్టకుండా తినకూడదట అది, ఆకూ కొమ్మా అసలే విషమట, ఇంగ్లీషువాళ్ళు పండ్లను ఉడికించి పానకం చేసుకుంటారట. ఇదంతా పుస్తకంలో ఉంది, మామాకు తెలుసు, నాకు చెప్పాలని మాత్రం తోచలేదు. మామా వచ్చింది, స్నానాల గదిలో చతికిలబడిన నన్ను చూసింది, ఏం తిన్నావని అడిగింది, చెప్పాను. వెంటనే పరుగెత్తింది, డాక్టరు కోసం అనుకున్నాను. గుత్తులు ఎన్ని పోయాయో చూడడానికి! మర్నాడు ఫోటో తీయించుకుందామనుకుందట. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఒళ్ళు మండడం ఈ రోజు కొత్త కాదు. మా ఊళ్ళో ఏటి ఇసుకలో చెలమ తీసి, ఊరే నీళ్ళను చిప్పతో తోడి తోడి బిందె నింపితే, ఆ బిందె కోసం ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళు. అలాంటి చోట పుట్టిన నేను ఇక్కడ ఇసుక దేశంలో, మనిషి తినని, మేక మేయని చెట్లకు పొద్దున రెండు, సాయంత్రం రెండు బకెట్లు పోశాను. పోస్తూ అనుకునేదాన్ని, ఈ నీళ్ళు మా వేరుశనగ చేనుకు పడితే మేము ఇక్కడికి వచ్చేవాళ్ళమే కాదు కదా అని. నా మొగుడు నాగేంద్ర పగలల్లా ఆకాశం చూసేవాడు, రాత్రి నా ముఖం చూసేవాడు, నోరు తెరిచి వెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు. ఏజెంటు నా వయసుకు ఏడేళ్ళు కలిపి రాయించాడు, ముప్పై దాటిన ఆడదానికే పని వీసా ఇస్తారని. ఆ పాస్‌పోర్టు పుస్తకంలో ఆఫీసాయన నీలం సిరాతో నా పేరు రాస్తుంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. చదవడం రాకపోయినా అది నా పేరని తెలుసు. నా పేరు అంత చక్కగా ఎవరూ ఎప్పుడూ రాయలేదు. మొన్న జూలైలో వచ్చిన ఉత్తరంలో మా సుధారాణి రాసింది, అమ్మా నేను నాలుగో తరగతి పాసయ్యాను, నువ్వు వచ్చేసరికి నీకు సంతకం నేర్పిస్తాను అని. హమీదా బీ చదివి వినిపించింది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు, నేను ఉన్నానో పోయానో వాళ్ళకు తెలియదు.

ఉన్నాను. గచ్చు మీద పడి ఉన్నాను. పొట్టివాడు దగ్గాడు. ఇంకా నిద్రపోలేదు చచ్చినోడు.

ఆ రోజు, యుద్ధం వచ్చిన మూడో రోజు, తెల్లవారకముందే మామా నన్ను తట్టి లేపింది. సిద్ధమ్మా, యల్లా, యల్లా, తొందరగా లే అంది. చేతిలో బిస్కెట్ల పెద్ద రేకు డబ్బా. మధ్యలో ఉన్న నల్ల ఆకు చెట్టు పాదులో తవ్వమంది. తవ్వాను, మోకాటి లోతు. వేర్లు తెగకుండా తవ్వమంది, అంత తొందరలో కూడా! బంగారం మూటలు, ఒక్కో మూటకు మూడేసి ప్లాస్టిక్ కవర్లు, మూతికి టేపు, మీద తువ్వాలు. ఇంటి కాగితాలకు కవర్లు. ఆ చెట్ల కాగితానికి కూడా, దేవుడి సాక్షిగా, కవరు. అంతా సర్ది మూత పెట్టబోతూ గుర్తొచ్చినట్టు లోపలికి పరుగెత్తి ఒక గోధుమ రంగు కాగితం కవరు తెచ్చి అన్నిటి పైన పడేసింది. నీ జవాజ్, సిపాయిలు పాస్‌పోర్టులు లాక్కుంటారట, ఇక్కడైతే భద్రం అంది. నేను చెయ్యి చాపాను. నా చెయ్యి అలాగే చాపి ఉండగానే మూత పడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుని, ఎవరికీ చెప్పనని, ఏదీ తీయనని ఒట్టు వేయించుకుంది. నా బిడ్డ మీద ఒట్టు అన్నాను. రోజూ నీళ్ళు పొయ్యి, చెట్టు వాడినా, మన్ను పగిలినా తవ్విన చోటని కనిపెడతారు అంది. పెద్ద జీపులో ఎక్కారు, బాబా, మామా, ఇద్దరు ఆడపిల్లలు, ఎడారిలో పడి సౌదీకి. నేను మామా అన్నాను, అంతే అన్నాను. మాఫీ మకాన్ సిద్ధమ్మా, చోటు లేదు, రెండు రోజుల్లో వస్తాం అంది. చిలక పంజరానికి చోటుంది. ఆ పంజరం నేనే అందించాను, ఈ చేతులతో.

ఎన్ని రోజులుగా తిప్పి తిప్పి చూసినా అర్థం కాని సంగతి అదే. అంత బంగారం ఎక్కడుందో నాకు చెప్పి పోయింది. తవ్వింది నేను, పూడ్చింది నేను, కాపలా నేను. నేను తల్చుకుంటే ఆ రాత్రే తీసుకుని పోయేదాన్ని, ఆమెకు తెలుసు. పోనని కూడా తెలుసు. అంత నమ్మకం ఉన్న మనిషివి, నా పుస్తకం నా చేతిలో పెట్టడానికి నమ్మకం ఎక్కడ చచ్చిందమ్మా? ముప్పై రెండు పేజీల పుస్తకం! నీ బంగారానికి నేను నమ్మకస్తురాలిని, నా పేరుకు నేను దొంగనా? నువ్వు తిరిగి వస్తే ఇదొక్కటే అడుగుతాను. అడుగుతానో లేదో. నీ ముందు నిలబడితే నాకు వచ్చే మాట ఒకటే, ఏవా మామా, అవునమ్మా అని. థూ, నా నోరు పడిపోను.

వాళ్ళు పోయిన ఆరో రోజు ఈ సిపాయిలు వచ్చారు. మొదట అయిదుగురు, టీవీలూ ఫ్రిజ్‌లూ లారీకెక్కించి పోయారు, ఈ ఇద్దరు మిగిలారు. నన్ను అన్నం వండమన్నారు, చెయ్యి వేయలేదు, అంతవరకు దేవుడు చూశాడు. దావూద్‌కు అయిదుగురు పిల్లలట, బస్రా దగ్గర ఖర్జూరపు తోటలో పనిచేసేవాడట. ఒకనాడు నేను నీళ్ళు పోస్తుంటే వచ్చి నిలబడి, ఈ చెట్టు ఏమిస్తుంది అని అడిగాడు. ఏమీ ఇవ్వదన్నాను. పండు? ఉత్తది తింటే వాంతులన్నాను. మరెందుకు అన్నాడు. అందానికన్నాను. నన్ను చూశాడు, చెట్టును చూశాడు, బకెట్టును చూశాడు, ఊరంతా రొట్టెల కోసం బారులు కట్టి నిలబడుతుంటే, అని చేతులు ఊపి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, నవ్వే హక్కు నీకేముందిరా, ఆ రొట్టెలు లేకుండా చేసింది మీరు కాదా అని. ఈ పొద్దున వాడే కందకానికి చోటు వెతుకుతూ పార తీసుకుని పెరడంతా గుచ్చి గుచ్చి చూశాడు. అన్నిచోట్లా రాయిలాంటి నేల, లేకపోతే గచ్చు. గోడ పక్క పాదులో గుచ్చితే పార సర్రున దిగింది. అసర్ తర్వాత ఇక్కడ తవ్వుతాం, ఈ చెట్లు కొట్టేస్తాం, ఖలాస్ అన్నాడు. మెత్తగా ఉంది కదా అన్నాడు మెచ్చుకోలుగా, నా భుజం తట్టబోయి మానుకున్నాడు.

డబ్బా వాళ్ళకు దొరికితే బంగారం వాళ్ళది, పాస్‌పోర్టు చూసి నేనే దాచానని తన్నులు నావి. అది ఆలోచిస్తుండగానే పక్కింటి పనిమనిషి హమీదా బీ, రాయచోటి ఆమె, రొట్టె ఇచ్చే వంకతో వెనక తలుపు దగ్గరికొచ్చింది.

“సిద్ధమ్మక్కా, ఇయ్యాల బస్సులు పోతాండాయి. బస్రా మీద బాగ్దాద్, ఆడి నుంచి జోర్డాను. మద్దిలేటి పికప్ తెస్తాడు, అసర్ పిలుపు ఇనపడంగానే మలుపు కాడికి రా. బిరీన రావల్ల, ఆగేదానికి ల్యా.”

మద్దిలేటి ఈ ఇంటి డ్రైవరే, నంద్యాల వైపు వాడు, యుద్ధం వచ్చిన రోజు సెలవులో అబ్బాసియాలో గదికి పోయి అక్కడే ఉండిపోయాడు.

“నా పాస్‌పోర్టు నా కాడ లేదు బీబీ.”

“యాడుంది?”

ఒట్టు గుర్తొచ్చింది. ఉందిలే అన్నాను.

“ఉంటే తెచ్చుకో మల్ల. పాస్‌పోర్టు లేనోళ్ళ పేర్లు రాసుకోని, మల్ల పిలుస్తాం ఆగమంటాండారు. మల్లా బస్సులుంటాయో ఉండవో ఆ అల్లాకే ఎరుక. నేను మాత్రం ఆగను, చెప్తాండా, నాకూ బిడ్డలుండారు.”

నాకు మాత్రం లేదా? తొమ్మిదేళ్ళది, సంతకం నేర్పిస్తానని కూర్చుంది. ఇన్నాళ్ళూ తవ్వలేదేం నేను? మొదటి అయిదు రోజులు ఇంట్లో పురుగు లేదు. తవ్వి నాది నేను తీసుకుని మళ్ళీ పూడిస్తే ఎవడు అడిగేవాడు? ఒట్టు. ఏదీ తీయనని ఒట్టు. నా పుస్తకం నేను తీసుకోవడం తీయడం కిందికి రాదని ఆ రోజు ఎందుకు తట్టలేదు ఈ మట్టి బుర్రకు? రెండు రోజుల్లో వస్తామంది కదా అని, వచ్చేసరికి చెట్లు పచ్చగా ఉండాలని, కుళాయి సన్నబడితే బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు, నా ఒంటి మీద పోసుకోవలసిన నీళ్ళు కూడా మోసుకెళ్ళి పోశాను. మధ్య చెట్టుకైతే ఇంకో చెంబు ఎక్కువే పోశాను, మన్ను పగలకూడదని. నలభై నాలుగు రోజులు, రోజుకు నాలుగు బకెట్లు, ఆ పాదులో, మోకాటి లోతులో.

ఆ పాదులో.

లేచి కూర్చున్నాను. కూర్చున్నానని కూడా నాకు తెలియలేదు. రేకు డబ్బా అది, బిస్కెట్ల డబ్బా, మూత చేత్తో నొక్కి పెట్టేది. బంగారానికి మూడు కవర్లు. చెట్ల కాగితానికి ఒక కవరు. నాది కాగితం కవరులో, అన్నిటి పైన, మూత కిందే. పైన ఎవరు? నేను. బకెట్టు ఎవరి చేతిలో? నా చేతిలో. ఓయమ్మా, ఓయమ్మా, నా చేతులు విరగ! లేదు లేదు, రేకు మూత గట్టిగానే పడింది, నేనే మోకాలు పెట్టి నొక్కాను, ఒక చుక్క కూడా దిగి ఉండదు. గిన్నెలు తొలిచిన నీళ్ళు, సబ్బు నీళ్ళు. సిరా. నీలం సిరా. అది చెరగని సిరా అయి ఉంటుంది, గవర్నమెంటు సిరా, మామూలుది వాడతారా? మామాకు తెలుసు నీళ్ళు పోస్తానని, తనే పొయ్యమంది, తెలిసే బంగారానికి కవర్లు వేసింది. నాకు వెయ్యాలని తోచలేదు. చెడ్డది కాదు, పండుగకు చీర కొనిచ్చింది, జ్వరమొస్తే మాత్రలిచ్చింది, కావాలని చేసింది కాదు. కావాలని చేసి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. తోచలేదు, అంతే. డబ్బా సర్దుతున్న ఆ గడియలో నేనొక మనిషినని ఆమెకు తోచలేదు!

రేడియో ఆగింది.

ఎప్పుడు ఆగిందో కూడా నేను వినలేదు. రెండు గురకలు, ఒకటి లావు, ఒకటి సన్నం. పార తీశాను, గడియ తీశాను, ఎండ ముఖాన కొట్టింది. మట్టలు కాలితో తోసి మధ్య చెట్టు పాదులో పార దింపాను. దావూద్ అన్నట్టే సర్రున దిగింది. వేర్లు అడ్డం పడ్డాయి, ఈ ఎండలోనూ ఎన్ని తెల్ల వేర్లు, తాగుబోతు వేర్లు, నా నీళ్ళన్నీ తాగి బలిసిన వేర్లు. ఈసారి తెగకుండా తవ్వలేదు. నరికాను. చెట్టు ఒక పక్కకు వాలింది, వాలనీ. మన్ను తడి, ఎంత లోతుకు పోయినా తడి, ముద్ద ముద్దగా పారకు అంటుకుంటోంది. పార రేకుకు తగిలి టంగుమంది. ఆగాను. గురకలు ఉన్నాయి. పార పక్కన పెట్టి చేతులతో మన్ను తోడాను, ఏట్లో చెలమ తోడినట్టు. డబ్బా పైకి లాగితే బరువుగా ఉంది, వంచితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు.

మూత తుప్పు పట్టి రాలేదు. పార అంచుతో లేపాను. ముదురు రంగు నీళ్ళు, అందులో గోధుమ రంగు ముద్ద. కాగితం కవరు నా వేళ్ళకు అట్టలు అట్టలుగా ఊడివచ్చింది. నల్ల అట్ట మీద సింహాలు ఉన్నాయి, బంగారు రంగు సగం పోయింది. తెరిచాను. పేజీలు అంటుకుపోయాయి, మొదటిది గోటితో విడదీశాను. నీలం. పేజీ అంతా లేత నీలం, గుడ్డకు నీలిమందు పెట్టినట్టు. గీతలు ఉన్నాయి, అచ్చు అక్షరాలు ఉన్నాయి, వాటి ఎదురుగా నా పేరు ఉండవలసిన చోట, నా మొగుడి పేరు, మా ఊరి పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఏజెంటు కలిపిన ఏడేళ్ళు కూడా లేవు. ఫోటో ఉంది, బొటనవేలు తగిలి ఊడివచ్చింది. దాని మీద ముఖం పైపొర వేలికే అంటుకుంది. డబ్బాలో తడిసిన తువ్వాలు తీస్తే బంగారం మూటలు, నీళ్ళలో మునిగి ఉన్నాయి, లోపల ఒక్క చుక్క లేదు, పొడి పొడిగా మెరుస్తున్నాయి. చెట్ల కాగితం కూడా పొడిగానే ఉంది, సీలు చెక్కుచెదరలేదు.

అరవలేదు. అరవాలని ఉంది, ఆ ఇద్దరూ లేస్తే లేవనీ అనిపించింది, సుధారాణి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పెద్ద మూట టేపు పళ్ళతో కొరికి తెంపాను. ఒక కవరు, రెండో కవరు, మూడో కవరు. గాజులు, హారాలు, నేను మెరుగు పెట్టి తుడిచినవే అన్నీ, ఆ మురుగు నీళ్ళలోనే గుమ్మరించాను. నా పుస్తకాన్ని మొదటి కవరులో పెట్టాను, మడిచి రెండో దాంట్లో, మడిచి మూడో దాంట్లో. ఆ టేపే మళ్ళీ చుట్టాను. ఫోటోను వేరేగా చెంగు కొనన కట్టుకున్నాను. ఒక గాజు డబ్బాలో పడక మట్టిలో పడింది, అదీ తీసి డబ్బాలో వేశాను. ఒట్టు ఒట్టే, నా బిడ్డ మీద వేసింది. మూత పెట్టి గుంటలోకి తోశాను, కాలితో మన్ను లాగాను, సగం పూడింది. అంతలో దూరంగా మసీదు నుంచి పిలుపు మొదలైంది. పార అక్కడే పడేసి, పక్క గేటు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కాలిపోయే తారు మీద మలుపు దాకా పరుగెత్తాను.

పికప్ కదలబోతోంది. హమీదా బీ చెయ్యి అందించి లాగింది. వెనక మూటల మధ్య కూలబడ్డాను, మోచేతుల దాకా మన్ను.

“దొరికిందా అక్కా?”

దొరికిందన్నాను. చూపించమంది. ఒకటి, రెండు, మూడు కవర్లు విప్పి చూపించాను. ఆమె పేజీ తెరిచి, మూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు సీటులోంచి వెనక్కి తిరిగి వెనక కిటికీలోంచి చూస్తున్న మద్దిలేటి చెయ్యి చాపి అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఏందిది సిద్ధమ్మక్కా, పేరే లేదే దీంట్లో! ఫోటో గూడా లేదు. ఆడ పేర్లు రాసుకునేవాళ్ళు ఇది జూసి బస్సెక్కనిస్తారా? ఇది చెల్లదు.”

“చెల్లకుంటే నేనుండాను గదా, నన్ను జూసి రాసుకోమను,” అన్నాను. “నువ్వు బండి పోనీ.”